పెద్ద చేపకి ఇల్లు మార్పు: ముందు ఫిల్టరు, ఆ తరవాతే చేప

బరంపురంలో వీధి మారినా, రాయగడ నుంచి విశాఖకి బదిలీ వచ్చినా, మంచాలూ బీరువాలూ బండెక్కాక హాల్లో ఒకటి మిగిలిపోతుంది. ఆరడుగుల గాజు ట్యాంకు, అందులో అటూ ఇటూ తిరుగుతూ రెండడుగుల అరోవానా. సామాన్లు మోసే కుర్రాళ్ళు దాన్ని చూసి బుర్ర గోక్కుంటారు. ఇంట్లోవాళ్ళ భయమంతా దారి గురించే: కుదుపులకి తట్టుకుంటుందా, సంచి పగిలితే ఎలా, ఊపిరాడుతుందా అని. ఆ భయాలు ఉత్తవి కావు గానీ, సరిగ్గా సర్దిన పెద్ద చేప ఐదారు గంటల దారి ఓర్చుకుంటుంది. ప్రాణం మీదకి వచ్చేది చేరాకే. మేత ముట్టదు, మొప్పలు ఎర్రబడతాయి, నీటి పైకొచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది, వారం తిరిగేలోపు ఒక పొద్దున్న తేలిపోతుంది. చూసినవాళ్ళు "నీళ్ళు పడలేదు" అంటారు. మాట నిజమే. ఎందుకు పడలేదో తెలిస్తే పడేట్టు చేసుకోవచ్చు.

చేప తన మొప్పల నుంచి ఎడతెరిపి లేకుండా అమోనియా వదులుతుంది. ఫిల్టరులోని స్పాంజి మీదా సిరామిక్ రింగుల మీదా కాపురం పెట్టిన బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది మనం నీళ్ళు మార్చి తీసేసేది. ఈ బాక్టీరియా నీళ్ళలో ఉండేది నామమాత్రం, ఉండేదంతా ఫిల్టరు సరుకు మీద జిగురుగా పట్టిన పొరలోనే. ఇల్లు మారుతున్నాం కదా అని ఆ స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండి, డాబా మీద ఆరేసి, కొత్త ఇంట్లో ముద్దుగా బిగిస్తారు. అంతే, ఆ బాక్టీరియా కాపురం పోయింది. అది మళ్ళీ నిలదొక్కుకోవాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు. నాలుగు గప్పీలైతే ఆ నాలుగు వారాలూ ఎలాగో గట్టెక్కుతాయి. రోజూ రొయ్యలు మింగే కిలోన్నర చేప వదిలే అమోనియాకి అంత వ్యవధి ఉండదు.

అందుకని ఇల్లు మార్పులో మొదట చూసుకోవలసింది ఫిల్టరు. క్యానిస్టర్ ఫిల్టరైతే, అంటే బిగుతు మూత ఉన్న డబ్బా ఫిల్టరైతే, కరెంటు తీసిన వెంటనే మూత విప్పాలి. మూసి ఉంచితే లోపలి బాక్టీరియా ఆ కాస్త నీటిలోని ఆక్సిజన్ని కొద్దిసేపట్లోనే తాగేస్తుంది, తరవాత తనే చచ్చి కుళ్ళుతుంది. కొత్త ఇంట్లో మూత తీసినప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన కొడితే ఆ సరుకుని అలాగే బిగించి నడపకూడదు. ఆ నల్లనీళ్ళు నేరుగా చేప మొహాన పోసినట్టే. అంతదాకా రాకుండా, బయలుదేరేముందే సరుకుని మూతలేని బకెట్లోకి తీసి, మునిగేదాకా పాత ట్యాంకు నీళ్ళు పోసి, బ్యాటరీ గాలి పంపు గొట్టం ఒకటి అందులో వెయ్యండి. పంపు లేకపోతే నీళ్ళు పోయకుండా, తడి గోనె ముక్క కప్పి ఉంచండి. గాలి తగిలే తడిలో బాక్టీరియా ఒక రోజు నిక్షేపంగా ఉంటుంది, గాలాడని నీటిలో ఉండదు. మరీ బురదగా ఉంటే పాత ట్యాంకు నీళ్ళలోనే ఒకటి రెండుసార్లు జాడించండి, అంతకు మించి శుభ్రం వద్దు. బకెట్టు లారీ మీద ఎండలో కాదు, మీ కారులో కాళ్ళ దగ్గర ప్రయాణం చెయ్యాలి. సంపు, అంటే ట్యాంకు కింద విడి తొట్టిలో ఫిల్టరు, పెట్టుకున్నవాళ్ళకీ ఇదే పద్ధతి.

ఫిల్టరు కాపాడుకున్నా దెబ్బతీసేది ఇంకొకటుంది, పాత నీటి పీహెచ్. నీటి పులుపు చెప్పే అంకె అది, 7కి తగ్గితే పులుపు, పెరిగితే క్షారం. ఏళ్ళ తరబడి పెద్ద చేప ఉన్న ట్యాంకులో, నీళ్ళు బద్ధకంగా మార్చే ఇంట్లో, నీటి క్షారగుణం కరిగిపోయి పీహెచ్ 6 దగ్గరకి జారుతుంది. ఆ పుల్లటి నీటిలో అమోనియా దాదాపు అంతా అమోనియం రూపంలో ఉంటుంది. అది అంత విషం కాదు, చేప కూడా మెల్లగా అలవాటుపడి ఉంటుంది. కొత్త ఇంటి బోరు నీళ్ళు 7.8 ఉన్నాయనుకోండి. పాత నీళ్ళూ చేపా కలిపి అందులో దించితే, అదే అమోనియా విషరూపం ఎత్తుతుంది. పీహెచ్ 7లో, 25 డిగ్రీల దగ్గర, మొత్తం అమోనియాలో విషరూపంలో ఉండేది అర శాతం చిల్లర. పీహెచ్ 8కి చేరితే అది ఐదు శాతం దాటుతుంది, అంటే దాదాపు పదింతలు. పరీక్ష కిట్టు చూపే అంకె మాత్రం మారదు, అక్కడే చాలామంది మోసపోతారు. "అమోనియా ముందెంతుందో ఇప్పుడూ అంతే, మరి చేపకేమయింది" అని అడుగుతారు.

దీనికి విరుగుడు ప్రయాణం రోజున లేదు, రెండు వారాల ముందు ఉంది. రెండు మూడు రోజులకోసారి 20 నుంచి 25 శాతం నీళ్ళు మారుస్తూ పాత ట్యాంకు నీటిని మామూలు స్థితికి తెచ్చుకోవాలి. వీలైతే కొత్త ఇంటి నీళ్ళు రెండు క్యాన్లు తెచ్చి పీహెచ్ కొలవండి. బోరు నీళ్ళయితే వెంటనే కొలిచిన అంకె నమ్మకండి. భూమిలోంచి వచ్చేటప్పుడు అందులో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. ఒక రోజంతా గాలి పంపు పెట్టి కొలిస్తే అసలు పీహెచ్ తెలుస్తుంది. సాధారణంగా అది పైకే పోతుంది. పాత నీటికీ కొత్త నీటికీ తేడా అరకి మించకుండా ఉంటే నిశ్చింత.

కుళాయి నీళ్ళయితే క్లోరిన్ సంగతి చూడాలి. అక్వేరియం దుకాణాల్లో దొరికే హైపో, అంటే సోడియం థయోసల్ఫేటు పలుకులు, 100 లీటర్లకి ఒక గ్రాము చొప్పున వేస్తే మునిసిపాలిటీ నీటిలో మామూలుగా ఉండే క్లోరిన్ విరిగిపోతుంది. చెంచాతో కాకుండా చిన్న తూకం మిషనుతో కొలవండి, వెయ్యి లీటర్ల ట్యాంకుకి పది గ్రాములు. అపార్టుమెంటు సంపులో వాచ్‌మన్ ఆ ఉదయమే బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంటే మాత్రం ఈ లెక్క చాలదు. ముందే అడగండి, లేదా క్లోరిన్ పరీక్షకి వాడే ఓటీ చుక్కలు వేసి చూడండి. నీళ్ళు ముదురు పసుపుకి తిరిగితే ఆ రోజు ఆ నీళ్ళు వాడొద్దు.

ట్యాంకు బరువు చాలామంది ఊహకి అందదు. 6 అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండున్నర ఎత్తు ఉన్న ట్యాంకు అంటే 37.5 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు, మొత్తం 1,060 లీటర్ల పైచిలుకు. 12 మిల్లీమీటర్ల గాజుతో చేసిందైతే ఖాళీ ట్యాంకే 160 కిలోలు. స్టాండుతో కలిపి టన్నుంపావు పైన. ఇళ్ళ శ్లాబులకి లెక్క కట్టే అదనపు బరువు చదరపు మీటరుకి 200 కిలోలు మాత్రమే. ఈ ట్యాంకు నిలబడిన చోట అంతకి నాలుగింతలు దాటుతుంది. శ్లాబు మొత్తం మీద ఆ బరువు పంచుకుపోతుంది కాబట్టి అన్ని ఇళ్ళూ కూలిపోవు గానీ, మేడ మీదకి ఎక్కించేటప్పుడు గది మధ్యలో కాకుండా బీము ఉన్న గోడ వెంబడి పెట్టండి, ఇల్లు కట్టిన మేస్త్రీని కాదు ఇంజినీరుని అడగండి.

ఖాళీ ట్యాంకుని పూర్తిగా ఖాళీగానే మొయ్యాలి. "అడుగున జానెడు నీళ్ళు ఉంచుదాం, గులకరాళ్ళు అలాగే ఉండనీ" అనే మాట వినొద్దు. ఎత్తినప్పుడు అడుగు గాజు వంగి సిలికాన్ అతుకు లోపల్లోపల విడుతుంది. ఆ రోజు కారదు, నింపిన మూడో రాత్రి కారుతుంది. అడుగున ఒక అంగుళం థర్మోకోల్, దాని కింద ప్లైవుడ్ చెక్క, నలుగురు మనుషులు, చేతులకి గ్లౌజులు. అతుకు మీద అనుమానం వచ్చి కొత్త సిలికాన్ వేస్తే పుల్లటి వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం రెండు రోజులు ఆగాలి. బాత్రూములకి వాడే బూజు పట్టని సిలికాన్ కొనకండి, అందులో కలిపే మందు చేపకి విషం.

అదే ట్యాంకుని అక్కడ విప్పి ఇక్కడ బిగించేటట్టయితే, చేప మధ్యలో నాలుగైదు గంటలు డ్రమ్ములోనో తొట్టిలోనో ఉండాలి. ఇది ముందే లెక్కలో వేసుకోవాలి. కొత్త ఇంట్లో ఇంకో ట్యాంకు సిద్ధంగా ఉన్నా, ఫిల్టరు సరుకు ముందురోజే అక్కడికి వెళ్ళకూడదు. చేప లేకుండా ఎక్కువ రోజులు నడిస్తే బాక్టీరియాకి తిండి ఉండదు, ఇక్కడ పాత ట్యాంకులో చేపకేమో ఫిల్టరు ఉండదు. రెండూ ఒకే రోజు కదలాలి.

ఇక మేత. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్‌లకి రెండు రోజులు, అరోవానాకీ రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్‌కీ మూడు రోజులు పస్తు. ఇంట్లో అమ్మమ్మలు "పాపం, ప్రయాణానికి ముందు కడుపు మాడుస్తారా" అంటారు. కడుపులో ఉన్నది దారిలో నీళ్ళలోకే వస్తుంది. రెడ్‌టెయిల్ అయితే బెదిరినప్పుడు మింగిన చేపని సగం అరిగిన స్థితిలో కక్కేస్తుంది, దాంతో డ్రమ్ము నీళ్ళు పది నిమిషాల్లో పాడవుతాయి. పెద్ద చేపకి వారం పస్తున్నా ఏమీ కాదు. ప్రయాణం ముందురోజు మూడో వంతు నీళ్ళు మార్చండి. డ్రమ్ములోకి పొయ్యవలసింది అలా మార్చాక ట్యాంకులో ఉన్న నీళ్ళే, అడుగు కదిలించకముందు పైనుంచి తీసుకున్నవి. గులకరాళ్ళు కదిపాక వచ్చే బురదనీళ్ళు కావు.

పట్టడంలోనే సగం గాయాలు అవుతాయి. వలతో తరమడం మొదలెడితే అరోవానా గాజుకి మూతి కొట్టుకుంటుంది, మీసాలు విరుగుతాయి, పెద్ద పొలుసులు రాలతాయి. ముందు గదిలో దీపాలు తీసెయ్యండి. నీళ్ళు ఒక అడుగు ఎత్తుకి దించండి, ఎగరడానికి పట్టు ఉండదు. దళసరి పాలిథిన్ సంచిని నీటిలోనే నోరు తెరిచి ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు వెడల్పాటి ప్లాస్టిక్ పలకతో వెనకనుంచి మెల్లగా నడిపించాలి. చేప దానంతటదే సంచిలోకి ఈదుతుంది, ఐదు నిమిషాలు పట్టినా, అరగంట పట్టినా. సంచిని నీళ్ళతో సహా ఎత్తేటప్పుడు అడుగున చేతులు పెట్టండి, నోటి దగ్గర పట్టుకుని వేలాడదీస్తే చేప మడత పడుతుంది.

క్యాట్‌ఫిష్ జాతులకి వల అసలు పనికిరాదు. ముందు రెక్కల్లో గట్టి ముల్లు ఉంటుంది, భయపడితే దాన్ని విప్పి బిగించేస్తుంది. వల దారాల్లో అది ఇరుక్కుంటే వల కత్తిరించడం తప్ప మార్గం లేదు. మన చేతికి దిగితే నొప్పి రెండు రోజులు. రెడ్‌టెయిల్‌ని, షోవెల్‌నోస్‌ని వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలోకి నడిపించి నీళ్ళతో సహా ఎత్తాలి. సకర్ చేప చెక్కకి కరుచుకుంటే లాగకండి, పెదాలు చిరుగుతాయి. చెక్కని నీటిపైకి ఎత్తితే కాసేపటికి అదే వదులుతుంది, కింద బకెట్టు పెట్టి ఉంచండి. షార్క్ అని చిన్నప్పుడు అమ్మేసే పంగాసియస్ పెద్దయ్యాక అన్నిటికన్నా కష్టం. నీడ కదిలితే చాలు, గుడ్డిగా దూసుకెళ్ళి గాజుకి మూతి పగలగొట్టుకుంటుంది. దాని ట్యాంకుకి ముందురోజు రాత్రే నల్ల దుప్పటి కప్పండి, చీకట్లోనే పట్టండి. ఆస్కార్లూ ఫ్లవర్‌హార్న్‌లూ కాస్త మెతక, ముడుల్లేని మెత్తటి వల చాలు, కానీ ఏడాదిగా జంటగా ఉన్న ఆస్కార్లనైనా ఒకే డబ్బాలో పెట్టకండి. ఇరుకులో జంట తగువు పడుతుంది.

లవంగ నూనె వేసి మత్తులో తీసుకెళ్ళొచ్చని వీడియోల్లో చూసి అడుగుతుంటారు. వద్దు. నూనె నీటిలో సమంగా కలవదు, ఒకచోట చిక్కగా మరోచోట పలచగా ఉంటుంది. మత్తు ఎక్కువైతే మొప్పల కదలిక ఆగిపోతుంది, మూత వేసిన డ్రమ్ములో, కదిలే బండిలో అది గమనించేవాళ్ళు ఎవరు? పశువైద్యుడు పక్కన కూర్చుని వస్తే తప్ప ఆ సీసా ముట్టకండి.

దేన్లో తీసుకెళ్ళాలి అన్నది చేప పొడవుని బట్టి. నియమం ఒక్కటే, చేప తిన్నగా పడుకునే చోటుండాలి, తిరగగలిగితే ఇంకా మంచిది. అందరూ తెచ్చే నీలం డ్రమ్ము 200 లీటర్లది, దాని అడ్డం రెండడుగుల లోపే. అడుగు పొడవు ఆస్కార్‌కి అది రాజభవనం, రెండడుగుల అరోవానాకి గుండ్రటి జైలు. ఆరు గంటలు వంగి ఉన్న చేప వెన్ను పట్టేసి దిగుతుంది. అంత పొడవు చేపకి 500 లీటర్ల నీళ్ళ ట్యాంకు, లేదా చేపల వ్యాపారులు ఐసు వేసుకునే పొడవాటి ఇన్సులేటెడ్ పెట్టె. గోపాల్‌పూర్, చిలికా వైపు చేపా రొయ్యా వ్యాపారం ఉన్న చోట పాతవి అద్దెకి అడగొచ్చు. ఆ పెట్టెకి రెండు లాభాలు: ఎండ లోపలికి రాదు, చీకటిగా ఉండి చేప నెమ్మదిస్తుంది. బ్లీచింగుతో కడిగిన పెట్టెలు ఉంటాయి కాబట్టి నీళ్ళు నింపి, హైపో వేసి, ఒక పూట ఉంచి పారబోసి అప్పుడు వాడండి. పురుగుమందో రసాయనమో ఉన్న డ్రమ్ము ఎంత కడిగినా వద్దు.

కిలో చేపకి 30 లీటర్ల నీళ్ళకి తగ్గకుండా లెక్క వేసుకోండి, అదీ గాలి ఆగకుండా ఉంటేనే. డ్రమ్ముని సగం నింపితే నీళ్ళు అలల్లా కొట్టి చేపని గోడకేసి బాదుతాయి. ముప్పాతిక పైన నింపి, నీటి మీద థర్మోకోల్ పలక తేలేస్తే అల చాలామటుకు అణుగుతుంది. పలక మొత్తం కప్పకూడదు, మూడో వంతు ఖాళీ ఉండాలి. పెద్ద గౌరామి, అరపైమా, గార్ లాంటివి నీటిపైకి వచ్చి గాలి మింగే చేపలు, వాటికి ఆ ఖాళీ లేకపోతే ఆక్సిజన్ నిండా ఉన్న నీటిలోనే ఉక్కిరిబిక్కిరవుతాయి. మూత తాడుతో కట్టాలి, మూతకి నాలుగు రంధ్రాలు. గాలి పంపులు రెండు, బ్యాటరీవి. ఒకటి ఆగినా రెండోది నడవాలి. ముందురోజు చార్జింగు పెట్టి ఊరుకోవడం కాదు, వారం ముందే ఆరు గంటలు నడిపి చూసుకోండి. చవక పంపులు డబ్బా మీద రాసినంతసేపు నడవవు.

అడుగు లోపు చేపలకీ, పంపు పెట్టే వీలు లేని దారికీ ఆక్సిజన్ సంచి మేలు. చేప పిల్లలూ రొయ్య పిల్లలూ అమ్మే హేచరీలు గంజాం, శ్రీకాకుళం తీరం పొడుగునా ఉన్నాయి. సంచిలో ఆక్సిజన్ కొట్టడం వాళ్ళకి రోజువారీ పని, అడిగితే కొట్టిపెడతారు. 18 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు ఉన్న దళసరి సంచులు రెండు ఒకదానిలో ఒకటి, మధ్యలో దినపత్రిక పొర. పది లీటర్ల నీళ్ళు, చేప. ముందు సంచిలోని మామూలు గాలి పిండేసి, తరవాత ఆక్సిజన్. మూడో వంతు నీళ్ళు, రెండు వంతులు ఆక్సిజన్. నోరు మెలిపెట్టి, వెనక్కి మడిచి సైకిల్ ట్యూబు రబ్బర్లతో బిగించాలి. సంచిని నిలబెట్టకుండా పెట్టెలో పడుకోబెడితే చేప తిన్నగా ఉంటుంది, నీటి పైభాగం వెడల్పై ఆక్సిజన్ బాగా కరుగుతుంది. ముళ్ళ చేపలకి సంచి వద్దు. ఆరేడు గంటలకి మించి పెద్ద చేపని సంచిలో ఉంచకూడదు. సాలూరు దాటి ఘాటీ ఎక్కి కోరాపుట్ వెళ్ళేవాళ్ళు సంచిని బిర్రుగా నింపకండి. అక్కడ ఎత్తు సుమారు 870 మీటర్లు, గాలి ఒత్తిడి పదో వంతు తగ్గి సంచి ఆ మేరకు ఉబ్బుతుంది. వేలితో నొక్కితే లోపలికి పోయేంత మెత్తగా ఉండాలి.

మన వైపు దారిలో అసలు శత్రువు వేడి. నీళ్ళు వేడెక్కితే చేపకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీటిలోనేమో తక్కువ పడుతుంది: 25 డిగ్రీల్లో లీటరుకి 8.2 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల్లో 7.5 మాత్రమే పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట హైవే మీద మూత వేసిన చోటాహాతీలో డ్రమ్ము పెట్టడం అంటే ఉడకబెట్టడమే. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరితే బరంపురం నుంచి విశాఖకి ఎండ ముదిరేలోపు చేరొచ్చు. ఫ్రిజ్జులో గడ్డకట్టించిన లీటరు నీళ్ళ సీసా మూత తియ్యకుండా తేలేస్తే, 100 లీటర్ల నీటిని దాదాపు ఒక డిగ్రీ దించుతుంది. ఒకేసారి మూడు సీసాలు వెయ్యకండి. 25, 26 దగ్గర నిలిపితే చాలు. డ్రమ్ము చుట్టూ తడి గోనె చుట్టండి, అది ఆరినప్పుడల్లా తడపండి. చలికాలం కోరాపుట్, సిమిలిగూడ వైపు సంగతి తలకిందులు. అక్కడ రాత్రి చలికి అమెజాన్ చేపలు ముడుచుకుపోతాయి. పెట్టెకి దుప్పట్లు చుట్టండి, కొత్త ట్యాంకులో చేప దిగకముందే లీటరుకి ఒక వాట్ చొప్పున హీటర్లు నడుస్తూ ఉండాలి. ఇంకో మాట, అక్టోబరులో ముహూర్తం పెట్టుకోకండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే ఈ తీరాన్ని తాకి రోజుల తరబడి కరెంటు లేకుండా చేశాయి. కొత్తగా సర్దిన ట్యాంకుకి ఆ మొదటి పది రోజులే కరెంటు తప్పనిసరి.

చేరాక చేపని నీటిలోకి దించే పద్ధతి డ్రమ్ముకి ఒకటి, సంచికి ఒకటి. దీన్ని కలగాపులగం చేస్తారు.

డ్రమ్ములో గాలి ఆడుతూ వచ్చిన చేపకి తొందరేం లేదు. డ్రమ్ము నీళ్ళు పావు వంతు తీసి కొత్త ట్యాంకు నీళ్ళు పోస్తూ, పావుగంటకోసారి, గంట గంటన్నరలో అలవాటు చెయ్యండి. ఉష్ణోగ్రత తేడా రెండు డిగ్రీల లోపుకి రావాలి.

మూసిన సంచి సంగతి వేరు. చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ లోపలే ఉండిపోయి నీళ్ళ పీహెచ్ దించుతుంది. ఆ పుల్లటి నీటిలో పేరుకున్న అమోనియా, పైన చెప్పినట్టు, విషం కాని రూపంలో ఉంటుంది. మూతి విప్పి, గాలి పంపు పెట్టి, చుక్కచుక్కగా నీళ్ళు కలపడం మొదలెట్టారా, కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పీహెచ్ లేస్తుంది, ఆరు గంటల అమోనియా మొత్తం ఒక్కసారి విషమవుతుంది. మంచి చేస్తున్నామనుకుంటూ చేపని దాని విషంలోనే గంటసేపు నానబెట్టినట్టు. నాలుగు గంటలు దాటిన సంచిని విప్పకుండానే ట్యాంకులో 20, 30 నిమిషాలు తేలనిచ్చి, ఉష్ణోగ్రత కలిశాక విప్పి, చేపని రెండు చేతులతోనో తొట్టితోనో వెంటనే ట్యాంకులోకి మార్చండి. సంచి నీళ్ళు ట్యాంకులో పొయ్యొద్దు.

కొత్త ట్యాంకులో మూడో వంతు నుంచి సగం దాకా పాత నీళ్ళు ఉంటే మార్పు నెమ్మదిగా తగులుతుంది. ఉప్పు లీటరుకి ఒక గ్రాము, అయోడిన్ లేని కల్లుప్పు. నౌపడ కొటార్ల ఉప్పు దొరికే చోట ఇంకోటి వెతకనక్కర్లేదు. గీసుకుపోయిన చర్మానికి ఉప్పు ఆసరా, నైట్రైటు మొప్పల్లోంచి రక్తంలోకి దూరకుండా ఉప్పులోని క్లోరైడు అడ్డుపడుతుంది. పొలుసుల్లేని క్యాట్‌ఫిష్‌లకి సగం మోతాదు. బకెట్లో కరిగించి పోయండి, పలుకులు చేప మీద పడితే కాలుతుంది. ఆ రాత్రి దీపం వెయ్యొద్దు, పిల్లల్ని గాజు తట్టనివ్వొద్దు. అరోవానా కొత్త చోట మొదటి రాత్రే ఎగురుతుంది, మూత మీద ఇటుకలు పెట్టండి. వైరు కోసం వదిలిన నాలుగు అంగుళాల సందు చాలు, పొద్దున్నకి నేల మీద ఉంటుంది.

మరుసటి రోజు, మూడో రోజు, ఐదో రోజు, ఏడో రోజు అమోనియా, నైట్రైటు కొలవండి. అమోనియా లీటరుకి అర మిల్లీగ్రాము చూపితే ఆ రోజే 30 శాతం నీళ్ళు మార్చండి, మార్చిన నీళ్ళకి సరిపడా ఉప్పు కలపండి. మొదటి వారం నీళ్ళు కాస్త తెల్లగా మసకబారడం మామూలే. దానికి మందులు పొయ్యొద్దు, కొన్ని మందులు ఫిల్టరు బాక్టీరియానే చంపుతాయి. మిథిలిన్ బ్లూ అనే నీలం మందు ఆ కోవలోదే.

చేపని వేరే ఇంటికి ఇచ్చేస్తున్నవాళ్ళు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ట్యాంకు చాలట్లేదని ఋషికుల్యలోనో, వంశధారలోనో, ఊరి చెరువులోనో వదలకండి. అలా వదిలిన సకర్ చేపలు ఇవాళ ఆంధ్రా చెరువుల్లో చేపల రైతులకి తలనొప్పి. ఇక ఆసియా అరోవానా ఉన్నవాళ్ళు: అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైట్స్, దాని మొదటి అనుబంధంలో ఉన్న చేప అది. వన్యప్రాణి చట్టానికి 2022లో వచ్చిన సవరణ, 2024 నియమాల ప్రకారం అలాంటి జీవి చేతిలో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి, ఇంకొకరికి ఇస్తే అదీ తెలపాలి. ఎక్కువమంది దగ్గర ఉండే వెండి అరోవానా వేరే జాతి. తీసుకునేవాళ్ళకి చేపతోపాటు పాత ఫిల్టరు స్పాంజిలో సగం, పది లీటర్ల పాత నీళ్ళు, ఏ మేత తింటుందో రాసిన కాగితం ఇవ్వండి.

మొదటి మేత మూడో రోజున. పొట్టు తీసిన చిన్న రొయ్య ఒక్కటే, మామూలు మేతలో నాలుగో వంతుకి మించకుండా. పది నిమిషాల్లో ముట్టకపోతే వలతో తీసెయ్యండి, మళ్ళీ ఎల్లుండి. అరోవానాలు రెండు వారాలు మొహం తిప్పుకున్నవి ఉన్నాయి. అమోనియా సున్నా, మొప్పలు నిదానంగా ఆడుతున్నాయి, రెక్కలు విచ్చుకుని ఉన్నాయి అంటే అలక మాత్రమే. పూర్తి మేత రెండో వారం తరవాత, వరసగా మూడుసార్లు కొలిచినప్పుడు అమోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపితేనే.